ఇటలీకి ఇద్దరు, రెండు బ్యాగులు: బరంపురం వైపు వారికి ప్రయాణ పద్ధతి

రెండు వారాల ఇటలీకి నాలుగు మజిలీలు చాలు: రోమ్, సలెర్నో, ఫ్లోరెన్స్, లెవాంతో. చివరి రాత్రి మిలన్‌లో పడుకుని విమానం ఎక్కేయవచ్చు. ఇంతకంటే ఎక్కువ ఊళ్ళు పెట్టుకుంటే సగం సెలవు స్టేషన్లలోనే అయిపోతుంది. పొద్దున్న పదింటికల్లా గది ఖాళీ చేయాలి. కొత్త ఊళ్ళో మధ్యాహ్నం రెండు మూడింటికి గాని తాళం చేతికి రాదు. ఈలోగా ఇద్దరూ బ్యాగులు మోస్తూ, ఆకలి మీద, ఎండలో ఉంటారు. ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగేది సరిగ్గా ఆ గంటల్లోనే. కాబట్టి మజిలీలు తగ్గించుకోండి. ఒక్కో మజిలీ నుంచి పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే ఊళ్ళు పెంచుకోండి.

రాత్రుల లెక్క ఇలా వేసుకోవచ్చు: రోమ్ 4, సలెర్నో 3, ఫ్లోరెన్స్ 3, లెవాంతో 3, మిలన్ 1. సలెర్నో నుంచి అమాల్ఫీ తీరం, పాత శిథిల నగరం పాంపే, నేపుల్స్ వెళ్ళిరావచ్చు. ఫ్లోరెన్స్ నుంచి పీసా, లుక్కా, సియెనా. లెవాంతో నుంచి చింక్వే తెర్రె అనే అయిదు సముద్రపు ఊళ్ళు. వెనిస్ తప్పదనుకుంటే సలెర్నో తీసేయండి. రెండూ ఇరికించాలని చూడకండి.

విమానం టికెట్ రోమ్‌లో దిగి మిలన్‌లో ఎక్కేలా తీసుకోండి. టికెట్ల సైట్లలో 'మల్టీ సిటీ' అన్నచోట నొక్కితే ఈ పద్ధతి వస్తుంది. రానూపోనూ రోమే అయితే చివర్లో ఉత్తరం నుంచి మళ్ళీ కిందికి రావడానికి ఒక రోజూ, రెండు రైలు టికెట్లూ దండగ. బరంపురం, పర్లాకిమిడి వారు భువనేశ్వర్ గాని విశాఖ గాని చేరి, అక్కడినుంచి ఢిల్లీ లేదా హైదరాబాద్ మీదుగా వెళ్ళాలి. దేశంలో ఎక్కే విమానం, బయటికెళ్ళే విమానం ఒకే టికెట్ మీద ఉంటే మంచిది. మొదటిది ఆలస్యమైతే రెండోదాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది. అక్టోబరులో బయల్దేరేవారు విమానం ఎక్కే ఊరికి ఒక రోజు ముందే చేరుకోండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండు తుపాన్లూ అక్టోబరులోనే మన తీరాన్ని కొట్టాయి. అలాంటప్పుడు మొదట ఆగిపోయేది రైళ్ళే.

ఏ నెలలు మంచివంటే, ఏప్రిల్ చివరి నుంచి జూన్ సగం వరకు, మళ్ళీ సెప్టెంబరంతా. ఆగస్టు వద్దు. ఎండ మనకు అలవాటే, కానీ ఆగస్టు 15 వారి పెద్ద సెలవు. ఆ ముందూ వెనకా దేశమంతా సముద్రం ఒడ్డుకే వస్తుంది, గదుల అద్దె మండిపోతుంది, నగరాల్లో చిన్న హోటళ్ళు మూసేస్తారు. చలికాలంలో పడవలు చాలావరకు తిరగవు.

వీసా: ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందో ఆ దారిన

సరిహద్దులో ఉండేవారికి మొదటి తికమక ఇక్కడే. చదువులకీ, ఆసుపత్రులకీ పర్లాకిమిడి వారు విశాఖ వెళ్తారు, రాయగడ వారు విజయనగరం వెళ్తారు. ఇటలీ వీసా మాత్రం నివాసం ఉన్న రాష్ట్రాన్నిబట్టే. ఒడిశా చిరునామా ఉన్నవారు కోల్‌కతాలోని ఇటలీ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. మహారాష్ట్రలో సిరొంచ, చాందా, నాందేడ్ వైపు తెలుగువారు ముంబయి పరిధిలోకి వస్తారు. ఇద్దరిలో ఒకరిది బరంపురం, మరొకరిది ఇచ్ఛాపురం అయితే మధ్యలో ఉన్నది కాసింత దూరమే అయినా దరఖాస్తులు వేర్వేరు కాన్సులేట్లకు పోతాయి, జవాబులూ వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఇద్దరి పాస్‌పోర్టులూ వీసాతో చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్ గాని గది గాని కొనవద్దు. వీసా ఫైలుకి రద్దు చేసుకోగల బుకింగులు సరిపోతాయి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా పెట్టి తీరాలి. మామూలుగా నిర్ణయానికి 15 రోజులు, ఒక్కోసారి 45 రోజులు పడుతుంది. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే వెతకడం మొదలెట్టండి. పెద్దవారికి వీసా రుసుము 90 యూరోలు, సర్వీసు చార్జీ దానికి అదనం. తిరస్కరించినా అది తిరిగి రాదు. వేలిముద్రలు గత 59 నెలల్లో ఏ షెంగెన్ వీసాకూ (ఇటలీతో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఇవ్వకపోతే ఇద్దరూ స్వయంగా వెళ్ళాల్సిందే. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్ళు దాటకూడదు. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లుబాటులో ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి.

ఫైళ్ళు తిరిగొచ్చేది ఎక్కువగా మూడు కారణాల వల్ల. మొదటిది పేరు. ఒడియాలో రాసిన సర్టిఫికెట్లలో వెంకటరావు 'భెంకట' అవుతాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవారు అలాగే దించేస్తారు, పాస్‌పోర్టుతో కలవదు. అనువాదం చేయించేటప్పుడే పాస్‌పోర్టు చూపించి అందులో ఉన్న అక్షరాలే రాయించండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టయితే విమానం టికెట్‌లో పేరు ఎలా వేయాలో ఆ విమాన సంస్థనే అడిగి వేయించండి. రెండో కారణం బ్యాంకు ఖాతా. దరఖాస్తుకు వారం ముందు హఠాత్తుగా లక్షలు పడితే అనుమానిస్తారు. పొలం అమ్మిన డబ్బో, చీటీ పాడిన డబ్బో అయితే ఆ కాగితం జతచేసి రెండు ముక్కల్లో వివరం రాయండి. మూడోది, ఇద్దరి ప్రయాణ పట్టికలూ ఒకదానికొకటి కలవకపోవడం. తేదీలు, ఊళ్ళు, గదులు రెండు ఫైళ్ళలోనూ ఒకేలా ఉండాలి. గది బుకింగ్‌లో రెండు పేర్లూ కనిపించాలి. ఒకరి ఖర్చు మరొకరు పెట్టుకుంటుంటే ఆ ఉత్తరం, వారి బ్యాంకు కాగితాలు, ఆదాయపు పన్ను రిటర్నులు రెండో ఫైలులోనూ ఉండాలి.

షెంగెన్ సరిహద్దుల్లో 2025 అక్టోబరు నుంచి పాస్‌పోర్టు ముద్రల బదులు ఫోటో, వేలిముద్రలు తీసుకునే పద్ధతి మొదలైంది. దిగిన చోట వరుస నెమ్మదిగా కదలవచ్చు. కాబట్టి దిగిన గంటలోనే రైలు టికెట్ కొనిపెట్టుకోకండి.

డబ్బు: ఉమ్మడి పర్సు పద్ధతి

బయల్దేరే ముందు కార్డులకి విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో తెరవాలి. తెరవకపోతే అక్కడ ఒక్క కాఫీకి కూడా పనిచేయవు. కార్డు తాకించి చెల్లించే సదుపాయం కూడా తెరిచి పెట్టండి, రోమ్ మెట్రో గేటు దగ్గర టికెట్ కొనకుండానే దాంతో లోపలికి వెళ్ళవచ్చు. ఒకరు వీసా కార్డు, మరొకరు మాస్టర్‌కార్డు, అదీ వేర్వేరు బ్యాంకులవి పెట్టుకుంటే ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. ఓటీపీ వచ్చే సిమ్ తీసి ఇంట్లో పెట్టి వెళ్ళకండి. దాన్ని రోమింగ్‌లో ఉంచి, ఇంటర్నెట్‌కి ఈసిమ్ వేసుకోండి.

చెల్లించే మెషిన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మార్పిడి రేటు వాళ్ళు వేస్తారు, మనకు నష్టం. నోట్లు కావాలంటే బ్యాంకు శాఖ గోడకున్న ఏటీఎంలోనే తీయండి. పర్యాటకులు తిరిగే వీధుల్లో విడిగా నిలబెట్టిన మెషిన్లు చార్జీ ఎక్కువ లాగుతాయి.

ఇద్దరి మధ్య లెక్కకి మాకు తెలిసిన అన్ని పద్ధతుల్లోనూ మేలైనది ఉమ్మడి పర్సు. పొద్దున్నే ఇద్దరూ చెరో 40 యూరోలు ఒకే చిన్న పర్సులో వేయాలి. కాఫీలు, బస్సులు, నీళ్ళు, తిండి, మరుగుదొడ్డి చిల్లర, గది దగ్గర విడిగా అడిగే ఊరి పన్ను అన్నీ అందులోంచే. ఆ పన్ను తలకి, రాత్రికి ఇంతని ఉంటుంది. ఊరినిబట్టి మారుతుంది, చాలాచోట్ల నోట్లే అడుగుతారు. బట్టలు, కానుకలు ఎవరివి వారివే. పర్సు ఖాళీ అయితే మళ్ళీ చెరిసగం వేయాలి. పర్సు పట్టుకునే పని రోజు మార్చి రోజు మారాలి. ఒక్కరే పట్టుకుంటే వారం తిరక్కుండానే ఒకరు పెద్దరికం చేస్తున్నట్టు, మరొకరు చేయి చాస్తున్నట్టు అవుతుంది. ఒకరు మాంసం, వైన్ తీసుకుని మరొకరు సాదా పిజ్జా తింటుంటే ఆ రెండు పద్దులూ పర్సులోంచి తీసేయమని మొదటి రోజే చెప్పుకోండి. మొహమాటపడి ఊరుకుంటే అదే పెద్దదవుతుంది.

బ్యాగు

తలా ఒక 40 లీటర్ల బ్యాగు, బరువు 8 కిలోల లోపు. చక్రాల సూట్‌కేసు వద్దు. పాత నగరాల వీధులన్నీ చిన్న చిన్న రాళ్ళు పరిచినవి, చక్రాలు ఊడిపోతాయి. సముద్రపు ఊళ్ళలో వీధులకు బదులు మెట్లే ఉంటాయి. బట్టలు మూడు జతలు చాలు, గదిలో ఉతుక్కోవచ్చు. భుజాలు, మోకాళ్ళు కప్పే జత ఒకటి తప్పనిసరి. వాటికన్‌లోనూ పెద్ద చర్చిల్లోనూ అవి కనిపిస్తే లోపలికి రానివ్వరు. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడి గోడకు పట్టదు. ఫోన్ చార్జర్‌కుండే సన్నని రెండు గుండ్రటి పిన్నులు పడతాయి. కరెంటు 230 వోల్టులే. ఇద్దరికీ కలిపి ఒక అడాప్టర్, రెండు మూడు యూఎస్‌బీ రంధ్రాలున్న చార్జర్ ఒకటి చాలు. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

తినే వస్తువుల్లో పాలతో చేసినవి, మాంసంతో చేసినవి ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి, కోవా, ఛెనాపొడొ అన్నీ ఇంట్లోనే. పచ్చి కరివేపాకు, మామిడి పండు కూడా తేలేరు. నూనె పచ్చడి, కందిపొడి, పులిహోర పొడి, అటుకులు తీసుకెళ్ళవచ్చు. పచ్చడి సీసా చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. అది చెక్-ఇన్ బ్యాగులో, రెండు కవర్లలో చుట్టి పెట్టాలి. బరంపురం అప్పడాలు తీసుకెళ్ళినా హాస్టల్ వంటగదిలో నూనెలో వేయించకండి. పొగకు అలారం మోగి భవనమంతా కిందికి దిగాల్సి వస్తుంది. పెనం మీద కాల్చుకున్నా కిటికీ తెరిచే కాల్చండి.

బయల్దేరే నెల ముందు నుంచి బ్యాగు సర్ది, బరువుతో సహా నడవడం అలవాటు చేసుకోండి. తారాతారిణి కొండకు 999 మెట్లున్నాయి. నిండు బ్యాగుతో ఎక్కి దిగితే రెండు సంగతులు తేలిపోతాయి: బూట్లు ఎక్కడ కొరుకుతాయో, ఇద్దరిలో ఎవరి నడక ఎంత వేగమో. నెమ్మదిగా నడిచేవారి వేగమే ప్రయాణం వేగం అనుకుని పట్టిక వేసుకోండి.

రైళ్ళు: జరిమానాలు పడేది ఇక్కడే

ఇటలీలో మీరు ఎక్కేవి రెండు రకాల బళ్ళు. ఒకటి వేగంగా పోయేవి, ట్రెనితాలియా వారి ఫ్రెచ్చారోస్సా, ప్రైవేటువారి ఇతాలో. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి గంటన్నర, రోమ్ నుంచి సలెర్నోకి దాదాపు రెండు గంటలు. వీటికి సీటు నంబరు ఉంటుంది, ధర విమానం టికెట్‌లా రోజురోజుకీ పెరుగుతుంది. తేదీ ఖాయమవగానే కొనండి. చవక టికెట్ ఆ ఒక్క బండికే చెల్లుతుంది, తప్పితే పోయినట్టే.

రెండోది రెజోనాలే, మన ప్యాసింజర్ లాంటిది. ధర ఎప్పుడు కొన్నా ఒకటే, సీటు నంబరు ఉండదు, ముందుగా కొనాల్సిన పని లేదు. చిక్కంతా ఇందులోనే ఉంది. కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం దగ్గరుండే చిన్న మెషిన్‌లో దూర్చి తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడ్డాక నాలుగు గంటలు చెల్లుతుంది. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా వేస్తారు. 'మాకు తెలియదు' అంటే వినరు. ఫోన్‌లో కొన్న రెజోనాలే టికెట్‌కైతే బండెక్కే ముందు 'చెక్-ఇన్' నొక్కాలి. సొరంగాల దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి ప్లాట్‌ఫారం మీదికి రాకముందే నొక్కేయండి. ముద్రవేసే మెషిన్ పనిచేయకపోతే బండిలోకి ఎక్కగానే టికెట్ కలెక్టర్ దగ్గరికి మీరే వెళ్ళి చెప్పండి. ఆయన వచ్చేదాకా కూర్చుంటే తప్పు మీదవుతుంది.

స్టేషన్ గోడమీద పసుపు కాగితం బయల్దేరే బళ్ళది, తెల్లది వచ్చే బళ్ళది. బోర్డుమీద బండి చివరి ఊరి పేరు మాత్రమే పెద్దగా వేస్తారు. మీరు ఫ్లోరెన్స్‌లో దిగాలి, బోర్డుమీద మిలన్ అనో వెనిస్ అనో ఉంటుంది. అందుకని ఊరి పేరు కాదు, టికెట్ మీదున్న బండి నంబరు వెతకాలి. 'బినారియో' అంటే ప్లాట్‌ఫారం, 'రితార్దో' పక్కన అంకె ఉంటే అన్ని నిమిషాలు ఆలస్యం. ప్లాట్‌ఫారం నంబరు పెద్ద స్టేషన్లలో చివరి పది పదిహేను నిమిషాల్లో గాని పడదు. అప్పటిదాకా బోర్డు కనిపించేచోట నిలబడండి. ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా నొవెల్లా, వెనిస్‌లో శాంతా లూచియా స్టేషన్లు ఊరి నడుమవి. పేరు చూసి కొనండి.

'షోపెరో' అంటే సమ్మె. తరచుగా జరుగుతాయి, కానీ ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున్న 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ముఖ్యమైన రెజోనాలే బళ్ళు నడపాలన్నది నియమం. ఆ రోజు ఊరు మారాల్సివస్తే పొద్దున్న ఆరింటికే స్టేషన్‌లో ఉండండి.

తలుపులు మూసుకుని ఇద్దరూ విడిపోయారనుకోండి. ముందే చేసుకోవాల్సిన ఒప్పందం ఇది: వెళ్ళిపోయినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి అదే ప్లాట్‌ఫారం మీద ఆగాలి, వెనకబడినవారు తర్వాతి బండిలో అక్కడికే రావాలి. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురు బళ్ళు ఎక్కితే మధ్యాహ్నం వరకు తిరుగుతూనే ఉంటారు. ఇద్దరి టికెట్లూ, పాస్‌పోర్టు ఫోటోలూ, గది చిరునామా ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. చిరునామా ఒక కాగితం మీద రాసి జేబులో కూడా పెట్టుకోండి.

రోమ్, ఫ్లోరెన్స్

ఫియుమిచీనో విమానాశ్రయం నుంచి రోమ్ తెర్మినీకి నేరుగా వెళ్ళే రైలు 14 యూరోలు, 32 నిమిషాలు. 8 యూరోల మామూలు రైలు తెర్మినీకి పోదు. త్రస్తేవెరే, ఓస్తియెన్సే, తిబుర్తీనా స్టేషన్లలో ఆగుతుంది. గది అటువైపయితే ఇద్దరికీ 12 యూరోలు మిగులుతాయి.

కొలోసియం టికెట్ పేరుమీద ఇస్తారు, సమయం ప్రకారం పంపుతారు. అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు తెరవగానే కొనండి. గేటు దగ్గర పాస్‌పోర్టు చూస్తారు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలు ఉచితమే, కానీ వరుసల్లో సగం పూట నిలబడాలి. ఆ రోజు చిన్న మ్యూజియం ఏదైనా చూడండి. వాటికన్ మ్యూజియంలకు నెలలో చివరిది తప్ప మిగతా ఆదివారాలు సెలవు. ఫ్లోరెన్స్‌లో ఉఫీత్సీ చిత్రశాలకి, మైకలాంజెలో దావీదు శిల్పం ఉన్న అకాడెమియాకి సోమవారం సెలవు. చాలామంది సోమవారం ఒక్కటే ఫ్లోరెన్స్‌కి కేటాయించుకుని చూడాల్సినవేవీ చూడకుండా తిరిగొస్తారు. పెద్ద చర్చి గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు, ముందే సమయం తీసుకోవాలి, లిఫ్టు లేదు.

రోమ్ వీధుల్లో ఎప్పుడూ నీరు కారుతుండే ఇనుప కుళాయిల నీళ్ళు తాగేవే. సీసా కొనకండి, నింపుకోండి. స్పానిష్ మెట్లమీద కూర్చుంటే జరిమానా.

జేబుదొంగలు రోమ్ తెర్మినీలో, మెట్రోలో, నేపుల్స్ స్టేషన్ చుట్టూ పనిచేస్తారు. టికెట్ మెషిన్ దగ్గర సాయం చేస్తామని వచ్చేవారిని దగ్గరికి రానివ్వకండి. ఇద్దరున్నప్పుడు దీనికి మంచి ఉపాయం ఉంది: ఒకరు మెషిన్ వైపు, మరొకరు వీపు ఆనించి జనం వైపు. బంగారు గొలుసు, పుస్తెలతాడు బట్టల లోపల ఉండాలి. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించి కాగితం తీసుకోవాలి, తర్వాత రోమ్‌లోని భారత రాయబార కార్యాలయానికో, మిలన్‌లోని కాన్సులేట్‌కో వెళ్ళాలి. అత్యవసరానికి నంబరు 112.

అమాల్ఫీ తీరం

పొసితానోలో గది తీసుకోవద్దు. అద్దె ఎక్కువ, బ్యాగుతో మెట్లు ఎక్కువ. సలెర్నో సమతలంగా ఉంటుంది, రైలు స్టేషన్ ఉంది, రేవు దగ్గరే. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు అక్కడినుంచి అమాల్ఫీకి, పొసితానోకి పడవలున్నాయి. బస్సుకంటే ధర ఎక్కువైనా వెళ్ళేటప్పుడు పడవే ఎక్కండి. కొండకు అతుక్కున్న ఊళ్ళు సముద్రం మీద నుంచే పూర్తిగా కనిపిస్తాయి. అలలు పెద్దవైతే పడవలు ఆపేస్తారు, కాబట్టి తిరిగొచ్చే బస్సు వేళలు ఫోన్‌లో ఉంచుకోండి.

సీతా సంస్థ బస్సులకు టికెట్ ఎక్కేముందే కొనాలి. 'టి' అన్న అక్షరం బోర్డున్న పొగాకు దుకాణాల్లో దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం అవి మూసేస్తారు కాబట్టి రానూపోనూ టికెట్లు పొద్దున్నే తీసుకోండి. సలెర్నో నుంచి అమాల్ఫీకి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది, సొరెంతో నుంచి వస్తే కుడివైపు. దారి పొడుగునా మలుపులే. వాంతులయ్యేవారు ముందు సీట్లో కూర్చుని, మాత్ర అరగంట ముందు వేసుకోవాలి. వేసవి సాయంత్రాలు అమాల్ఫీ నుంచి బస్సులు నిండిపోయి మధ్య ఊళ్ళలో ఆగవు. తిరుగు ప్రయాణం బస్సు మొదలయ్యే చోటు నుంచే ఎక్కండి.

పాంపేకి టికెట్ పేరుమీదే ఇస్తారు, రోజుకి 20,000 మందినే రానిస్తారు. లోపల నీడ తక్కువ. పొద్దున్న తెరవగానే వెళ్ళి మధ్యాహ్నానికి బయటపడండి. పెద్ద బ్యాగులు రానివ్వరు.

చింక్వే తెర్రె

మొంతెరొస్సో, వెర్నాత్సా, కోర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. 1997 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ఈ అయిదు ఊళ్ళ మధ్య రైలులో కొద్ది నిమిషాల దూరమే. ఒక చివర లెవాంతో, మరో చివర లా స్పెత్సియా. గది ఈ రెండిట్లో ఒకదానిలో తీసుకోండి. లెవాంతో మాకు ఎక్కువ నచ్చుతుంది. సమతలం, సూపర్ మార్కెట్లున్నాయి, ఊరికి సొంత బీచ్ ఉంది.

రోజంతా రైళ్ళు, డబ్బు తీసుకునే కాలిబాటలు కలిపి ఒకే కార్డు అమ్ముతారు. మూడుసార్లకంటే ఎక్కువ రైలెక్కితే కార్డే లాభం, లేకపోతే విడి టికెట్. వెర్నాత్సా, రియోమజ్జోరే స్టేషన్లలో ప్లాట్‌ఫారం సగం సొరంగంలో ఉంటుంది. బండి ఆగినప్పుడు కిటికీలో చీకటే కనిపిస్తుంది. ఇంకా స్టేషన్ రాలేదనుకుని కూర్చున్నవారు తర్వాతి ఊరికి వెళ్ళిపోతారు. ఊళ్ళ వరుస గుర్తుపెట్టుకుని, ముందు ఊరు దాటగానే తలుపు దగ్గరికి వచ్చేయండి.

కాలిబాటల్లో మొంతెరొస్సో నుంచి వెర్నాత్సా మూడున్నర కిలోమీటర్లు, కానీ రెండు గంటలు పడుతుంది. ద్రాక్షతోటల రాతి గట్ల వెంట ఎక్కుడూ దిగుడూనే. పొద్దున్న ఎనిమిది లోపు బయల్దేరితే నీడ ఉంటుంది, ఎదురొచ్చేవారు తక్కువ. ఇరుకుచోట ఒకరే పడతారు, లోపలివైపు ఆగి దారివ్వాలి. చెప్పులతో, శాండిల్స్‌తో బాట ఎక్కితే జరిమానా 50 యూరోల నుంచి మొదలవుతుంది. జారిపడ్డవారిని హెలికాప్టర్లలో దించాల్సిరావడంతో 2019లో పెట్టిన నియమం ఇది. రియోమజ్జోరే నుంచి మనరోలాకి వెళ్ళే ప్రేమబాట 2012లో రాళ్ళు పడి మూసేసి, 2024లో తెరిచారు. దానికి వేరే టికెట్, సమయం ముందే తీసుకోవాలి.

కోర్నీలియా ఒక్కటే సముద్రానికి ఎత్తున, కొండమీద ఉంటుంది. స్టేషన్ నుంచి ఊళ్ళోకి దాదాపు 380 మెట్లు. చిన్న బస్సు కూడా ఉంది, కార్డుంటే విడిగా డబ్బివ్వక్కర్లేదు. వెళ్ళేటప్పుడు బస్సెక్కి దిగేటప్పుడు మెట్లు నడవండి.

వర్షం హెచ్చరిక వస్తే బాటలు మూసేస్తారు, ఆ మాట తేలిగ్గా తీసుకోకండి. 2011 అక్టోబరు 25న కొండలమీది నుంచి వచ్చిన వరద వెర్నాత్సా, మొంతెరొస్సో వీధుల్ని బురదలో ముంచింది. శరత్కాలంలో వెళ్ళేవారు రోజూ పొద్దున్న వాతావరణ హెచ్చరిక చూసుకోవాలి.

అయిదు ఊళ్ళలో ఈతకు ఇసుక బీచ్ సరిగా ఉన్నది మొంతెరొస్సోలోనే. గొడుగులు వరుసగా పాతినచోట డబ్బు తీసుకుంటారు. పక్కనే ఉచిత భాగం ఉంటుంది, 'స్పియాజ్జా లిబెరా' అని అడగండి. మనరోలాలో రాళ్ళమీది నుంచి దూకుతారు, దిగగానే లోతు. ఈత బాగా వచ్చినవారే దిగాలి. ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ బ్యాగుల దగ్గర ఒడ్డున.

తిండి

శాకాహారులు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మాంసం కనిపించకపోయినా ఉండవచ్చు. సూపుల్లో మాంసం రసం, రోమ్‌లో అమ్మే సుప్లీ అనే అన్నం ఉండల్లో మాంసం కూర, కొన్ని రొట్టెల్లో పందికొవ్వు. పార్మిజానో చీజ్ కోసం పాలను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. పట్టింపున్నవారికి పిజ్జా మరినారా మేలు. టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె, అంతే. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అడిగితే మాత్రం ప్రతిచోటా కుదరదు. చింక్వే తెర్రె వైపు ఫరినాతా అని దొరుకుతుంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్ళెంలో కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మన శనగపిండి అట్టుకి దగ్గరి చుట్టం. వేడిగా, అంచుముక్క అడిగి తీసుకోండి, మిరియాలు పైన వాళ్ళే చల్లుతారు.

అన్నం లేకుండా ఉండలేని రోజు వస్తుంది. రోమ్‌లో తెర్మినీ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్‌కి వెళ్తే బాస్మతి, కందిపప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి. దుకాణదారుల్లో చాలామంది బంగ్లాదేశీయులు, ఒడియా వచ్చినవారికి వాళ్ళ మాట సగం అర్థమవుతుంది. వంటగది ఉన్న గది తీసుకుని రెండు రోజులకొకసారి వండుకుంటే కడుపూ, పర్సూ రెండూ నిలబడతాయి.

హోటళ్ళలో మధ్యాహ్నం భోజనం రెండున్నరకి అయిపోతుంది, రాత్రి ఏడున్నర ముందు మొదలవదు. ఆ మధ్య వేళకి రొట్టె, పండ్లు సంచిలో ఉండాలి. బిల్లులో 'కోపెర్తో' అని తలకి ఒకటి నుంచి మూడు యూరోలు వేస్తే అది మోసం కాదు, బల్ల చార్జీ. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే మరో ధర.

మరుగుదొడ్డి గురించి మనవాళ్ళు ఎక్కువ బెంగపడతారు. ఇటలీలో గదుల స్నానాలగదిలో చాలావరకు విడిగా కడుక్కునే తొట్టి, కుళాయి ఉంటాయి. 1975 నుంచి ఇళ్ళలో అది ఉండాలని నిబంధనే ఉంది. స్టేషన్లలోనూ భోజన హోటళ్ళలోనూ ఉండవు, అక్కడికి చిన్న సీసా సంచిలో ఉంచుకోండి.

చివరి రోజు లెవాంతో నుంచి మిలన్‌కి జెనోవా మీదుగా నేరుగా బళ్ళున్నాయి, మూడు గంటల పైచిలుకు. మిలన్ సెంట్రల్ నుంచి మాల్పెన్సా విమానాశ్రయానికి రైలులో గంట వేసుకోండి. ఒకే దుకాణంలో 70 యూరోలకు మించి కొన్నవాటికి పన్ను వాపసు కావాలంటే, దుకాణంలోనే పాస్‌పోర్టు చూపి ఫారం తీసుకుని ఉండాలి. విమానాశ్రయంలో బ్యాగు అప్పగించకముందే ఆ ఫారం కస్టమ్స్ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఫారం ఒక్కొక్కరి పేరుమీదే ఉంటుంది కాబట్టి ఇద్దరి కొనుగోళ్ళూ ఒకే పాస్‌పోర్టు మీద బిల్లు చేయిస్తే 70 దాటడం సులువు.